లకిడి కోఠిలో మట్టెల డబ్బా

మా కాలేజీలో కామర్సు చెప్పే సహోద్యోగి ఒకావిడ పదవీ విరమణ విందును లకిడి కోఠిలో పెడుతున్నానని చెప్పగానే, నేను రానని మొహమ్మీదే అనేశాను. ఆవిడ నొచ్చుకుంది. చెరువు ఒడ్డున మొత్తం టేకుతో కట్టిన పాత హోటలట, ఏళ్ల తరబడి పాడుపడి ఉంటే మళ్లీ బాగుచేసి తెరిచారట, నా చిన్నతనం ఆ చుట్టుపక్కలే గడిచింది కాబట్టి నాకు నచ్చుతుందని అక్కడే ఖాయం చేసిందట. చిన్నతనం ఎక్కడ గడిస్తే ఆ చోటు నచ్చి తీరాలని నియమం ఏమైనా ఉందా అని అడిగాను. ఆవిడ కళ్లలో నీళ్లు పెట్టుకుంది. వాదించడం నాకు బాగా వచ్చుగానీ, ఇన్నేళ్లు స్టాఫ్‌రూములో పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఏడిస్తే ఏం చేయాలో రాదు. వెళ్లాను.

గేటు దగ్గరే పన్నీరు చల్లారు. ఎందుకు చల్లుతున్నారో నాకు తెలుసు. చెరువులో కుళ్లిన గుర్రపుడెక్క వాసన, దాని కింద సగం నగరం వదిలిన మురుగు వాసన, ఆ రెండింటి మీద ఇప్పుడు పన్నీరు. మూడూ కలిసి ముక్కులో చేరేసరికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మెట్ల దగ్గర చెప్పులు విప్పించారు. షేర్వాణీ తొడుక్కున్న యువకుడొకడు మా గుంపును నిలబెట్టి హోటలు చరిత్ర మొదలుపెట్టాడు. ఒక నవాబు తన బేగం కోసం అడవుల నుంచి టేకు దుంగలు తెప్పించి దీన్ని కట్టించాడట. ఒక్క ఇనుప మేకు కూడా వాడలేదట. బేగం పాదాలకు చెక్క చల్లదనం తగలాలని ఇంట్లో అందరూ వట్టికాళ్లతో తిరిగేవారట, ఆ సంప్రదాయాన్ని హోటలు ఈనాటికీ ప్రేమగా కాపాడుకుంటోందట. మా వాళ్లు ఆహా అన్నారు. నేను కిందికి చూశాను. కాలు వేస్తే చప్పుడే లేదు. సిమెంటు మీద చెక్క రంగు పలకలు అతికించారు. అసలు కోఠిలో ప్రతి పలకకూ ఒక గొంతు ఉండేది, ఏ గదిలో ఎవరు లేచారో వంటింట్లో కూర్చుని చెప్పేవాళ్లు. ఇక మేకుల సంగతంటారా, పైకి లేచిన మేకులకు తగిలి మా అమ్మ కొంగులు ఎన్ని చిరిగాయో మా ఇంటి సూదికి తెలుసు.

"ఇక్కడ పనిచేసినవాళ్ల గురించి ఏమైనా చెప్తారా?" అని అడిగాను. ఆ అబ్బాయి, "స్టాఫ్ అంతా ఒక ఫ్యామిలీలా ఉండేవారు మేడం" అన్నాడు. ఎవరి ఫ్యామిలీ అని అడగబోతుండగా షర్బత్ పళ్లెం పట్టుకుని ఒక అమ్మాయి మధ్యలోకి వచ్చింది. చిన్నపిల్ల. జరీ అంచు చీర, జడలో కాగితం పూలు, కాళ్లకు పట్టీలు, వేళ్లకు మట్టెలు. మెడలో మాత్రం ఏమీ లేదు.

"పెళ్లయిందా బిడ్డా?"

"లేదు మేడం."

"మరి అవేంది?"

ఆ పిల్ల తన కాళ్లు చూసుకుంది, షేర్వాణీ అబ్బాయిని చూసింది, గొంతు తగ్గించింది. "యూనిఫాం మేడం. డ్యూటీ ఎక్కంగ పెట్టుకుంటం, దిగంగ డబ్బాల ఏస్తం."

నేను షర్బత్ గ్లాసు తీసిన చోటే పెట్టేశాను. ఇదే కోఠిలో, వెనక వంటింటి తలుపు పక్కన, మా అమ్మ మట్టెలు తీసి వేసిన డబ్బా ఒకటి ఉండేది. ఆ రోజుల్లో తీయించారు, ఇప్పుడు పెట్టిస్తున్నారు. ఈ రెంటిలో ఏది ఎక్కువ అసహ్యమో తేల్చుకోలేక, ఎదురుగా పెట్టిన విందు ముద్ద నోట్లో పెట్టుకోలేక, నేను ఆ మధ్యాహ్నమంతా చెరువు వైపు చూస్తూ కూర్చున్నాను.

షేర్వాణీ అబ్బాయి చెప్పని చరిత్ర నేను చెప్తాను. కోఠిని కట్టించింది ఎవరో, ఏ బేగం కోసమో మా బస్తీలో ఎవరికీ తెలియదు, ఎవరికీ పట్టింపూ లేదు. మాకు తెలిసిందల్లా వారసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారనీ, ఆ గొడవ తేలకముందే ఎవరో కంపెనీవాళ్లు కౌలుకు తీసుకుని దాన్ని పెద్ద హోటలు చేశారనీ. మా జహనుమా బస్తీ నుంచి పొలాల అడ్డదారిన నడిస్తే చెరువు కట్ట, కట్ట చివర కోఠి. పై వరండా నీళ్ల మీదికి వేలాడుతూ ఉండేది. చార్మినార్ చూడటానికి, పత్తర్‌గట్టిలో ముత్యాలు కొనడానికి వచ్చిన తెల్లవాళ్లు సాయంత్రాలు అక్కడ కూర్చుని గ్లాసులు పట్టుకుని సూర్యాస్తమయం చూసేవాళ్లు. అదే నీళ్లలో ఇవతలి ఒడ్డున మా నానమ్మ బర్రెలు మునిగి ఉండేవి. తెల్లవాళ్లు వాటినీ ఫోటోలు తీసేవాళ్లు. బర్రెలకు ఆ గౌరవం దక్కింది, వాటి పాలు పితికే నానమ్మను మాత్రం ముందు గేటులోంచి ఎన్నడూ రానీయలేదు.

మా ఇల్లు సగం మాది, సగం బర్రెలది. పొద్దున లేస్తే పేడ వాసన, తౌడు నానబెట్టిన కుడితి వాసన, గోడకు కొట్టిన పిడకలు ఎండుతున్న వాసన. ఈ వాసనల గురించి ముచ్చటగా రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పుస్తకాల సంచీకి, తలకు, అన్నానికి పేడ వాసన పట్టి బడిలో పక్క పిల్ల జరిగి కూర్చున్నప్పుడు వాళ్లు అక్కడ లేరు కదా. నానమ్మ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, బర్రెల మీద బతికి, ఒక్క కొడుకును పెంచింది. పాలలో నీళ్లు కలపనని ఎవరూ అడక్కుండానే ఒట్లు పెట్టేది. ఆ ఒక్క కొడుకు మా బాపు, సర్కారు వర్క్‌షాపులో ఫిట్టర్. ఎంత మొండి ఇంజన్ అయినా చెవి ఆనించి రోగం చెప్పేవాడని పేరు. ఇంటికి రాగానే ఆ చెవి పనిచేయడం మానేసేది. కిరసనాయిలుతో చేతుల మకిలి కడుక్కుని, రేడియో పెట్టుకుని, అత్తాకోడళ్ల మధ్య ఏ మాట దొర్లినా వాతావరణ వార్తలు వింటున్నట్టు కూర్చునేవాడు.

అమ్మను హోటలు పనిలో పెట్టింది నానమ్మే. వంటింటికి పాలు పోస్తూ పోస్తూ, పై అంతస్తు ఫర్శు, అంటే చెక్క నేల, తుడవడానికి ఆడమనుషులు కావాలన్న మాట పట్టుకొచ్చింది. అప్పుడు నేను హైస్కూలుకు వెళ్లాలని మంకుపట్టు పట్టి ఉన్నాను. ఆడపిల్లకు ఎందుకని నానమ్మ, చూద్దామని బాపు. ఆయన చూద్దామన్నాడంటే చూడడని అర్థం. అమ్మ ఒక్కటే మాట అంది: "నా జీతంల చదువుతది." అలా నా హైస్కూలు ఆ టేకు ఫర్శు మీద నడిచింది. అమ్మ, మా వెనక వీధి యాదమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు, మోకాళ్ల మీద కూర్చుని గుడ్డను అవిసె నూనెలో ముంచి పలక వెంట పలక రుద్దేవాళ్లు. ఇల్లంతా అప్పటిదాకా పేడ వాసనే, ఇప్పుడు దానికి అవిసె నూనె తోడైంది. అమ్మ చేతులు, చీర, నా నోటు పుస్తకాల అట్టలు, చివరికి పప్పుచారు కూడా అదే వాసన. ఇప్పటికీ ఎవరైనా కొత్త తలుపుకు నూనె పెడుతుంటే నేను వీధి మారి నడుస్తాను.

చేరిన కొన్నాళ్లకు మేనేజర్ ఆడవాళ్లందరినీ వరుసలో నిలబెట్టాడు. ఫర్శు మీద గీతలు పడుతున్నాయట. మధ్యాహ్నం పడుకున్న దొరలకు టకటకమని చప్పుడవుతోందట. "కల్ సే పాంవ్ కే ఛల్లే నికాల్‌కే కామ్ కర్నా" అన్నాడు. రేపటి నుంచి కాలివేళ్ల ఉంగరాలు తీసి పనిచేయాలట. ఆయనకు అవి వట్టి ఉంగరాలు.

"సాబ్, మొగుడున్న ఆడిది గవి తీయది" అంది అమ్మ.

"తో ఘర్ బైఠో." అయితే ఇంట్లో కూర్చోండి అన్నాడు, అంతే, వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించమని మనవి. అదే ఫర్శు మీద దొరసానులు మేకులాంటి మడమల బూట్లతో తిరిగేవాళ్లు. ఒక్కొక్క అడుగుకు ఒక్కొక్క గుంట పడేది. ఆ గుంటలు నూనెతో పూడ్చడమే మా అమ్మ పని. వాళ్ల బూట్లకు పాడవని టేకు, గింజంత వెండికి పాడైందట.

వంటింటి తలుపు పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బా పెట్టారు. పొద్దున రాగానే అందరూ మట్టెలు తీసి అందులో వేయాలి, సాయంత్రం తీసుకుని పెట్టుకుని ఇంటికి పోవాలి. ఎవరి ఇళ్లలోనూ ఈ మాట చెప్పలేదు. ఒకళ్ల మట్టెలు ఒకళ్లకు పోకుండా తలా ఒక రంగు దారం కట్టుకున్నారు. అమ్మది ఆకుపచ్చ, యాదమ్మది పసుపు. యాదమ్మ నోరున్న మనిషి, ఆ సిగ్గుమాలిన పనిని కూడా వేళాకోళం చేసేసింది. డబ్బాలో వేస్తూ, "పండుకో అయ్యా, పొద్దుమూకంగ తీస్కపోత" అనేది. అమ్మ మట్టెలు పక్కన పడితే, "ఓ సత్తెమ్మా, నీ మొగడు నా మొగని మీద పడ్డడు సూడు, జరుపు" అనేది. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వేవాళ్లట. సెలవుల్లో అమ్మతో వెళ్లినప్పుడు ఆ నవ్వు నేనూ విన్నాను. ఆ నవ్వు నాకప్పుడూ నచ్చలేదు. నవ్వుకుంటే సరిపోయేంత చిన్న విషయం కాదని పిల్లదాన్నైనా అనిపించింది.

రోజూ నూనె చేతులతో ముట్టుకుని ముట్టుకుని ఆ దారాలన్నీ నల్లబడ్డాయి. ఆకుపచ్చేదో పసుపేదో తెలియకుండా పోయింది. మార్చుకోవాలని అందరూ అనుకున్నారు, ఎవరూ మార్చలేదు. ఒక సాయంత్రం వాన మబ్బు పట్టింది, కట్ట మీద బురద కాకముందే ఇల్లు చేరాలని తొందరలో చేతికందినవి పెట్టుకుని వచ్చేశారు. ఇంటి ముందు నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే అమ్మ కాళ్లు కడుక్కుంటోంది. మట్టె జారి రాయి మీద పడింది. అమ్మ దాన్ని తీసి, తిప్పి చూసి, గొంతు లోపలే అంది: "ఇవి నాయి కావే. యాదమ్మయి." నానమ్మ వాకిట్లోనే కుడితి కలుపుతోంది. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం నోరు మూసుకోమని. రేపు పొద్దున మార్చుకుంటే అయిపోతుందిలే అనుకున్నాం.

తెల్లారేసరికి యాదమ్మ భర్త పోయాడని కబురొచ్చింది. యాకుత్‌పురా స్టేషను దగ్గర బస్తాలు మోసే మనిషి, మూట ఎత్తుతూనే కూలిపోయాడట.

ఇక చూడండి మా అమ్మ అవస్థ. యాదమ్మ కాళ్లకున్నవి అమ్మ మట్టెలు, అమ్మ కాళ్లకున్నవి యాదమ్మ మట్టెలు. పదోనాడు ఆడవాళ్లు కూర్చుని యాదమ్మ గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, మట్టెలు తీస్తారు. ఆ తీసేవి మా బాపు పేరున అమ్మకు పెట్టిన మట్టెలు. వాటిని పెళ్లికి పత్తర్‌గట్టిలో బేరమాడి తెచ్చింది నానమ్మ. నోరు విప్పితే మట్టెలు తీస్తున్న సంగతి బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది, దాంతో నా బడి పోతుంది. విప్పకపోతే మొగుడు బతికుండగానే అమ్మ మట్టెలు విధవ తంతులో పోతాయి. అమ్మ ఇలాంటివి నమ్మేది. నేను నమ్మను, అప్పుడూ పెద్దగా నమ్మలేదు, కానీ నమ్మే మనిషికి ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో పక్కనే పడుకున్నదాన్ని కాబట్టి తెలుసు. రోజూ ఏదో వంకతో చావింటికి వెళ్లేది. యాదమ్మ చుట్టూ ఎప్పుడూ చుట్టాలే. నన్ను కూడా తీసుకెళ్లింది ఒకసారి. ఆ గది నాకిప్పటికీ కలలోకి వస్తుంది, మంచి కల కాదు. కిటికీ లేని గది, ఊదుబత్తుల పొగ, ఉతకని బట్టలు, ఏడ్చి ఏడ్చి అలసిపోయి వక్కలు నములుతూ ఆమె మేనత్తలు మాట్లాడుకునే వియ్యాల ముచ్చట్లు. యాదమ్మ మూలన కూలబడి ఉంది. కాళ్లు వాచిపోయాయి. అమ్మవి చిన్న వేళ్లు, ఆమెవి పెద్దవి. అమ్మ మట్టెలు ఆమె వేళ్లలోకి దిగబడి, చుట్టూ చర్మం చీము పట్టినట్టు మెరుస్తోంది. ఆమెకు ఆ నొప్పి కూడా తెలుస్తున్నట్టు లేదు.

పదోనాడు నానమ్మ కూడా వచ్చింది. ముందే భర్తలు పోయిన ముసలమ్మలు యాదమ్మను పీట మీద కూర్చోబెట్టారు. గాజుల పని అయింది. మట్టెలు రాలేదు. సబ్బు రాశారు, రాలేదు. ఇద్దరు కలిసి గుంజారు. యాదమ్మ అప్పటిదాకా ఏడ్చిన ఏడుపు వేరు, అప్పుడు అరిచిన అరుపు వేరు. "పటుకారు తేండ్రి, కోద్దాం" అంది పెద్ద ముసలమ్మ. ఎవరో నిజంగానే పటుకారు తెచ్చారు.

"ఆగుండ్రి" అంది అమ్మ. అంతమందిలో అమ్మ గొంతు నేను అంతకుముందు వినలేదు. "కోయకుండ్రి. అవి నాయి. ఆమె ఏళ్లకు పట్టయి."

అమ్మ జనాన్ని తోసుకుని వచ్చి యాదమ్మ ముందు కూర్చుంది. దీపం పక్కనున్న నూనె చేతిలో పోసుకుంది. పుణ్యస్త్రీ విధవ కాలి మట్టె ముట్టకూడదని ఒకామె చెయ్యి పట్టి లాగింది. అమ్మ విదిలించుకుంది. ఫర్శు పలకల సందులకు నూనె పట్టించినట్టే ఆ వేళ్లకు ఓపిగ్గా పట్టించి, తిప్పి తిప్పి, రెండూ ఊడదీసింది. తర్వాత అందరూ చూస్తుండగా తన కాళ్లవి తీసి యాదమ్మ ఒడిలో పెట్టింది. "ఇవి నీయి. ఉంచుకుంటవో పారేస్తవో నీ ఇష్టం." అప్పుడు యాదమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని, ఆ పది రోజుల్లో మొదటిసారి ఏడుపు కాని మాట ఒకటి అంది. "నా మొగడు నీ తాన పండుకున్నడానే సత్తెమ్మా ఇన్నొద్దులు?" నవ్వాలో ఏడవాలో తెలియక ఆడవాళ్లు తలలు దించుకున్నారు. నానమ్మ మాత్రం లేచి బయటికి వెళ్లిపోయింది.

ఇంట్లో లొల్లి ఎలా ఉండి ఉంటుందో చెప్పనక్కర్లేదు. "నా కొడుకు పానం బిస్కెట్ల డబ్బాల పెట్టి వచ్చినవా? ఆ మట్టెలు నా ఇంట్లకు రావద్దు, చెరువుల ఏసి రా."

"ఎయ్య. నా జీతం తోని నా బిడ్డ చదువుతాంది. మట్టెల తోని కాదు."

"ఏంరా, ఇన్నవా నీ పెండ్లాం మాట?"

బాపు రేడియో చెవి తిప్పాడు. "అమ్మ చెప్పినట్టు చేస్తే అయిపాయె కదా" అన్నాడు. అన్నాక పనిముట్ల సంచి తెరిచి ఏదో స్పానర్ వెతుక్కున్నాడు. అమ్మ మట్టెలను పారేయలేదు, మళ్లీ పెట్టుకోనూ లేదు, మూటగట్టి కందిపప్పు డబ్బా అడుగున వేసింది. ఆ రోజు నుంచి నానమ్మ అమ్మ చేతి మంచినీళ్లు తాగడం మానేసింది. బాపు మాత్రం అమ్మ వండింది తిన్నాడు. ఎవరికీ ఎదురు చెప్పకుండా అందరి దగ్గరా తినగలగడం ఆయన ప్రత్యేకత.

నానమ్మ హోటలు వెనక గేటు దగ్గర నిలబడి మేనేజరును ఉర్దూలో, తెలుగులో, రెండూ చాలక సైగలతో తిట్టింది. పాలు బంద్ పెట్టింది. బర్రెలకు ఆ సంగతి తెలియదు కాబట్టి పాలు ఆగలేదు, ఎక్కడ పోయాలో తోచక కొన్నాళ్లకు మళ్లీ అక్కడికే పోసింది. మేనేజర్ తన వంతుగా ఒక ఉపాయం కనిపెట్టాడు. గదుల్లో దొరలు వదిలేసి పోయిన మేజోళ్లు పోగుచేయించి ఆడవాళ్లకు పంచాడు, మట్టెల మీద తొడుక్కోమని. ఎవరి కాళ్ల చెమటో పట్టి గట్టిపడ్డ ఆ మేజోళ్లను కర్రతో ఎత్తి అమ్మ పొయ్యిలో వేసింది. "నాకు మట్టెలే లేవు సాబ్, ఇగ దేని మీద తొడగాలె?" అంది.

అసలు రోత పుట్టించే మాట ఆ తర్వాతిది. నెల తిరగకముందే యాదమ్మ పనికి వచ్చింది, పిల్లలున్నారు, రాక ఏం చేస్తుంది. మేనేజర్ ఆమె కాళ్లు చూసి, "అచ్ఛా హువా, అబ్ కోయీ ఝంఝట్ నై" అన్నాడట. మంచిదైందట, ఇక ఏ తలనొప్పీ లేదట. అక్కడి నుంచి ఆ హోటలు ఫర్శు పనికి భర్తలు పోయినవాళ్లనే ఏరి తీసుకోవడం మొదలుపెట్టింది. గీతలు పడవు, చప్పుడు కాదు, అత్తలు వచ్చి గేటు దగ్గర అరవరు. మిగతావాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. మా అమ్మ తప్పుకోలేదు. భర్త బతికున్న ఆడది, వట్టి వేళ్లతో, విధవల వరుసలో మోకాళ్ల మీద కూర్చుని ఫర్శు రుద్దింది. కట్ట మీద వస్తుంటే ఎదురైన ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. మేనేజర్ ఆమెను ఆ లెక్కలోనే వేసుకున్నాడు. నేను హైస్కూలు దాటి, కాలేజీలో చేరి, నా ఫీజు నేను ట్యూషన్లు చెప్పి కట్టుకునేదాకా అమ్మ అక్కడే ఉంది. ఆ వరుసను సంప్రదాయం అంటున్నాడు షేర్వాణీ అబ్బాయి. బేగం పాదాలట.

తర్వాత చెరువులోకి మురుగు తిరిగింది, తెల్లవాళ్లు ముక్కులు మూసుకుని రావడం మానేశారు, కంపెనీవాళ్లు కౌలు వదిలేసి పోయారు. టేకుకు చెద పట్టింది. చెద పట్టనిదాన్ని మనుషులు పట్టుకుపోయారు. మా అమ్మ నూనె తాగిన పలకలు ఏ ఇళ్ల తలుపులయ్యాయో, ఏ పొయ్యిల్లో బాగా మండాయో. నాకు ఒక్క పలక కోసం కూడా బాధ లేదు.

ఒకసారి పెద్దదాన్నయ్యాక అమ్మతో వాదం పెట్టుకున్నాను. ఆ రోజు ఎందుకు నోరు విప్పావు, మట్టెలు పోతాయనా, యాదమ్మ వేలు తెగుతుందనా అని. మూఢనమ్మకం అని ఒప్పించాలని నా పట్టుదల. అమ్మ చింతపండు పిసుకుతూ నా వైపు చూడకుండానే, "వెండి నాది, ఏలు దానిది. రెండిట్ల ఏది కోసినా ఎట్ల ఊకుందునే?" అంది. ఇన్నేళ్లలో నా నోరు మూయించింది ఆ ఒక్క మాటే.

నానమ్మ భయపడినట్టు బాపుకు ఏమీ కాలేదు. ఎనభై దాటి బతికాడు. ఆయనకు ఏమీ కానిది తాను పట్టిన ఉపవాసాల వల్లేనని నానమ్మ తను పోయేదాకా చెప్పుకుంది. అమ్మే ముందు పోయింది. ముత్తైదువుగా పోయింది, కాళ్లకు మట్టెలు పెట్టి సాగనంపాలని చుట్టాల ఆడవాళ్లు పప్పు డబ్బా బోర్లించి ఆ మూట బయటికి తీశారు. బతికున్నన్నాళ్లు తప్పుకుని నడిచినవాళ్లే, చచ్చాక వేళ్లు పట్టుకోవడానికి ఎగబడ్డారు. నేను అడ్డం నిలబడ్డాను, అరిచాను. పెద్దవాళ్లు నన్ను పక్కకు నెట్టబోయారు. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్న బాపు నోరు తెరిచాడు. "వట్టిగనే ఉండనియ్యండ్రి. ఆమె కాళ్లు ఆమెయి." ఆ మాట అనడానికి ఆయనకు ఒక జీవితం పట్టింది. పట్టింది ఆయన జీవితం కాదు, ఆమెది.

విందు ముగిశాక నేను అద్దాల గదిలో కూర్చున్న ఇప్పటి మేనేజర్ దగ్గరికి వెళ్లాను. పెళ్లికాని పిల్లల కాళ్లకు మట్టెలు ఎందుకు పెట్టిస్తున్నారని అడిగాను. గెస్టులకు ట్రెడిషనల్ లుక్ ఇష్టమని, ఫోటోలు బాగా వస్తాయని చెప్పాడు. మట్టెలు ఎవరు పెట్టుకుంటారో తెలుసా అన్నాను. "పర్సనల్‌గా తీసుకోకండి మేడం, ఇది జస్ట్ యాక్సెసరీ. అమ్మాయిలకే ఏ అభ్యంతరమూ లేదు, కావాలంటే అడగండి" అని షర్బత్ పిల్లను పిలిచాడు. యజమాని ముందు నిలబెట్టి అడిగితే ఏం చెప్తుంది. "నాకేం లేదు సార్" అంది ఆ పిల్ల. అప్పటి మేనేజర్ కనీసం ఇంట్లో కూర్చోమన్నాడు. ఈయన నవ్వుతూ కాఫీ తాగుతారా అన్నాడు.

బయటికి వస్తుంటే ఆ పిల్ల వెనకే పరుగెత్తుకొచ్చింది. "మేడం, మీకు దండం పెడత, ఇంక ఏం అనకుండ్రి. ఈ కొలువు పోతే నా డిగ్రీ ఆగిపోతది."

"మీ అమ్మకు తెలుసా ఇవి పెడుతున్నట్టు?"

"తెల్వదు మేడం. మేం చర్చికి పోతం, మా ఇంట్ల ఎవలూ పెట్టరు. చూస్తే సంపుతది."

డ్యూటీ దిగే వేళయింది. వెనక తలుపు దాకా ఆమెతో నడిచాను. వంటింటి పక్కన గోడకు ఒక ప్లాస్టిక్ డబ్బా వేలాడుతోంది. అమ్మాయిలు ఒక్కొక్కరే వంగి మట్టెలు తీసి అందులో పడేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోతున్నారు. ఈ పిల్ల కూడా తీసింది. వాటికి ఎర్ర దారం చుట్టి ఉంది.

"దారం ఎందుకు?"

"మొన్న ఇంకో పిల్లయి నాకొచ్చినయి మేడం. బిగుతుగుండె, ఏలు వాసింది. కలవకుండ గుర్తు పెట్టిన."

ముడి వదులుగా వేసుకుంది, రెండు రోజుల్లో ఊడిపోయేలా ఉంది. చదువు గురించి చెప్పొచ్చు, హక్కుల గురించి చెప్పొచ్చు, మా అమ్మ గురించి చెప్పొచ్చు. "ఇటియ్యి" అన్నాను. జీవితంలో మట్టెలు పెట్టుకోని దాన్ని, ఆ వేలి తడి ఇంకా ఆరని వాటిని చేతిలోకి తీసుకుని, దారం పంటితో పట్టి లాగి, గట్టిగా రెండో ముడి వేసి డబ్బాలో పడేశాను. తర్వాత చేతులు కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడున్నాయని అడిగాను.